గేటు చప్పుడు వినగానే ఎందుకు లేస్తున్నారు?

"నాకు 33 ఏళ్లు. విశ్వాసుల కుటుంబంలో పుట్టాను. నాన్నగారు సంఘ పెద్ద. రెండేళ్లుగా భయం నన్ను పట్టుకుని వదలడం లేదు. మీటింగులో నలుగురి ముందు మాట్లాడాలంటే గుండె దడదడలాడుతుంది, చేతులు చల్లబడతాయి, ఊపిరి అందదు. అర్ధరాత్రి మెలకువ వస్తే ఇక నిద్ర పట్టదు. టీమ్ బాధ్యత తీసుకోమని ఆఫీసులో రెండుసార్లు అడిగారు. వద్దన్నాను. ఇంట్లో మాత్రం వాళ్లే ఇవ్వలేదని చెప్పాను. ఇప్పుడు మూడోసారి అడిగారు, నెలాఖరులోగా జవాబు చెప్పాలి. 21 రోజులు ఉపవాస ప్రార్థన చేశాను. బైబిల్లో 'భయపడకుము' అనే మాట 365 సార్లు ఉందని విని అన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. అయినా తగ్గలేదు. నా విశ్వాసం చాలదని నాన్నగారు అంటున్నారు. భయపడటం పాపమా? ఏ వాక్యాలు ఎన్ని రోజులు చదివితే ఇది పోతుంది?"

అమ్మా, మీరు అడిగినవాటికి ముందే జవాబు చెప్పేస్తాను. భయపడటం పాపం కాదు. ఏ వాక్యం ఎన్ని రోజులు అనే లెక్క ఎక్కడా లేదు. ఆ 365 కూడా ఏడాదికి సరిపోయేలా ఎవరో చెప్పిన మాటే, కూర్చుని లెక్కపెడితే అన్ని రావు. ఆ నోట్‌బుక్ కొన్నాళ్లు పక్కన పెట్టండి.

మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. మూడో పేజీ చివర, ఇంకేదో చెబుతూ మీరు రాసిన రెండు ముక్కల దగ్గర నేను ఆగిపోయాను. "నాన్నగారు మా ఇంటికి వచ్చినప్పుడు గేటు చప్పుడు వినగానే ఏ పనిలో ఉన్నా లేచి నిలబడతాను. ఈమధ్య మా పాప కూడా నిలబడుతోంది." పాపకి ఏడేళ్లన్నారు. ఆ పిల్లని తాతగారు ఒక్క దెబ్బ కూడా కొట్టలేదని కూడా మీరే రాశారు. మరి ఎందుకు లేస్తోంది? మిమ్మల్ని చూసి.

మీ భయం ఆఫీసులో పుట్టింది కాదు. చిన్నప్పుడు నాన్నగారు బెల్టుతో కొట్టి, ఏడుపు ఆగాక ఒక వాక్యం కంఠస్థం చేయించి, అది తప్పు లేకుండా అప్పజెప్తేనే అన్నానికి పిలిచేవారని రాశారు. "మా మంచికే" అని వెంటనే సర్దుకున్నారు. సర్దుకోకండి. మీకు వాక్యం ఎందుకు ధైర్యం ఇవ్వడం లేదో అక్కడే ఉంది. మీరు తెరిచిన ప్రతి పేజీలోనూ దేవుడి మాటలు నాన్నగారి గొంతుతోనే వినిపిస్తున్నాయి. "భయపడకుము" అన్నది కూడా ఓదార్పులా కాకుండా ఇంకో ఆజ్ఞలా, తప్పితే దెబ్బ పడే ఆజ్ఞలా తగులుతోంది. అలాంటప్పుడు ఆ మాట ఎన్నిసార్లు రాస్తే ఏం లాభం?

మనం భయభక్తులు అని రెండూ కలిపి అంటాం. మీ నాన్నగారు అందులో మొదటి సగాన్ని బాగా నేర్పారు. రెండో సగం మిమ్మల్నే వెతుక్కోమని వదిలేశారు. ఆయన చెడ్డవారని నేను అనడం లేదు. ఆయన్ని పెంచినవాళ్లూ అలాగే పెంచి ఉంటారు. కానీ పిల్లల మనస్సు క్రుంగకుండునట్లు వారికి కోపము పుట్టింపకుడి అని కొలొస్సయులకు రాసిన పత్రికలో తండ్రులకు చెప్పిన మాట ఆయనకీ వర్తిస్తుంది. సంఘ పెద్దకి ఇంకాస్త ఎక్కువ వర్తిస్తుంది. మీ మనస్సు క్రుంగింది. దానికి విశ్వాసం చాలదని పేరు పెట్టడం అన్యాయం.

యోహాను తన మొదటి పత్రికలో భయము దండనతో కూడినది అంటాడు. పరిపూర్ణ ప్రేమ భయమును వెళ్లగొట్టును అన్నది కూడా ఆ వచనంలోనిదే. మనవాళ్లు ఈ రెండో ముక్కని గోడకి తగిలించుకుని మొదటిది వదిలేస్తారు. దెబ్బ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసే మనసు సుఖంగా ప్రార్థించలేదు, ప్రార్థనలోనూ ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉంటుంది. మీ 21 రోజుల ఉపవాసం నాకు అలాగే అనిపించింది. ఎక్కడ తప్పు చేశానో అని వెతుక్కున్నారే తప్ప, ఆ 21 రోజుల్లో ఒక్కసారైనా దేవుడి ఒడిలో తల పెట్టినట్టు రాయలేదు.

మీ కోసం నేను ఎంచుకున్నది గిద్యోను కథ. మూడు వందల మందితో యుద్ధం గెలిచిన గిద్యోను కాదు, అంతకు ముందటి గిద్యోను. పంటలు దోచుకునే శత్రువులు మిద్యానీయులకు కనబడకుండా గానుగ చాటున గోధుమలు దుళ్లగొట్టుకుంటున్న మనిషి. దేవుడు అతనితో చేయించిన మొదటి పని యుద్ధం కాదు, బయలు అనే అన్యదేవతకి తండ్రి కట్టిన బలిపీఠాన్ని పడగొట్టడం. అతను తన తండ్రి ఇంటివారికి, ఊరివారికి భయపడి పగలు చేయలేకపోయాడని, రాత్రివేళ పదిమంది పనివాళ్లని తోడు తీసుకెళ్లి చేశాడని న్యాయాధిపతులు 6వ అధ్యాయంలో రాసి ఉంది. రాత్రి ఎందుకు చేశావని దేవుడు అతన్ని ఒక్క మాటా అనలేదు. తెల్లారాక ఊరంతా గిద్యోనుని చంపుతామని వస్తే అడ్డంగా నిలబడింది ఎవరు? తండ్రి యోవాషు. కొడుకు అంతగా భయపడిన ఇంటి పెద్దే. (మీ నాన్నగారి భక్తిని బయలుతో పోల్చడం లేదమ్మా, కొడుకు భయాన్ని మాత్రమే చూడమంటున్నాను.)

మీ నాన్నగారూ యోవాషులా మీ పక్షాన నిలబడతారని నేను మాట ఇవ్వలేను. నిలబడకపోయినా మీరు చేయాల్సిన పని ఒకటుంది.

నాన్నగారికి చెప్పిన అబద్ధాన్ని సరిచేయండి. ముందు మీ ఆయనకి చెప్పండి, ఆయనకీ నిజం తెలియదు కదా. పదేళ్లు కలిసి బతికిన మనిషితో కూడా చెప్పుకోలేకపోయారంటే నాన్నగారి భయం మీ పడకగదిలోకీ వచ్చిందని అర్థం. ఆ తర్వాత మీ ఆయన పక్కన ఉండగా నాన్నగారితో ఇంతే అనండి: "నాన్నగారూ, మీకు అబద్ధం చెప్పాను, క్షమించండి. ఆఫీసువాళ్లు ఇచ్చారు, నేనే వద్దన్నాను. ఈసారి ఒప్పుకుంటున్నాను." ఒప్పుకోనా అని అడగొద్దు, సంజాయిషీ ఇవ్వొద్దు. పాతికేళ్ల కిందటి బెల్టు సంగతి ఆ రోజు ఎత్తొద్దు, దానికి వేరే రోజు ఉంటుంది, ఉండకపోయినా ఫర్వాలేదు. ఆయన కేకలేస్తే ఎదురు మాట్లాడకండి. ఒక్కటి మాత్రం చేయండి, కూర్చునే ఉండండి.

చేతులు వణుకుతాయి, వణకనివ్వండి. సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువు విభ్రాంతి పొందాడని మార్కు ఉన్నదున్నట్టు రాశాడు. ఆ రాత్రి ఆయన ముగ్గురు శిష్యుల్ని తోడు రమ్మని, మెలకువగా ఉండమని అడిగాడు. వాళ్లు నిద్రపోయారు, అది వేరే సంగతి. ఒంటరిగా భరించాలని ఆయనే అనుకోలేదు, మీరెందుకు అనుకోవాలి? దావీదు కీర్తన కూడా నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను అంటుంది. నాకు భయమే రాదని అనలేదు.

అమ్మానాన్నల్ని సన్మానించడం నాకు చిన్న విషయం కాదు. నాన్నగారికి ఒంట్లో బాగుండకపోతే మీరే చూసుకోవాలి. ఆయన వస్తే మంచి మాట, మర్యాద తగ్గకూడదు. పెద్దవాళ్లు వస్తే లేచి నిలబడటం నేనూ నేర్చుకున్నాను, నా పిల్లలకీ నేర్పాను. అయితే గౌరవంతో లేచిన మనిషి నవ్వుతూ ఎదురువెళ్తుంది. మీరు గోడకి ఆనుకుని నిలబడుతున్నారు. ఈ తేడా మీ పాపకి ఎవరూ చెప్పక్కర్లేదు, అది రోజూ చూస్తూనే ఉంది. దేవుడు మనకిచ్చింది పిరికితనముగల ఆత్మ కాదని పౌలు తన శిష్యుడు తిమోతికి రాశాడు కదా, దానికి రెండు వచనాల ముందు అతని అవ్వ లోయి పేరు, తల్లి యునీకే పేరు ఉంటాయి. తిమోతి విశ్వాసం మొదట ఆ ఇద్దరు ఆడవాళ్లలో ఉందని పౌలు చెబుతాడు.

డాక్టరు సంగతి. గుండెదడ, ఊపిరి అందకపోవడం, నిద్ర లేకపోవడం రెండేళ్లుగా ఉన్నాయంటే ఈ వారమే వెళ్లి చూపించుకోండి. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే ఉంటుంది, రక్త పరీక్షలో తేలిపోతుంది. అదేం లేకపోతే మానసిక వైద్యుల దగ్గరికి పంపుతారు, వెళ్లండి. ఇది పానిక్ అటాక్ అయితే మంచి చికిత్స ఉంది. భయపడే చోటునుంచి తప్పుకున్న ప్రతిసారీ ఒంటికి హాయిగా ఉంటుంది, ఆ హాయే భయాన్ని ఇంకాస్త బలంగా నాటుతుంది. అందుకే చికిత్సలో కొద్దికొద్దిగా భయానికి ఎదురు వెళ్లడం నేర్పిస్తారు. మందు వాడితే విశ్వాసం తక్కువని ఎవరైనా అంటే, తిమోతి కడుపు జబ్బుకి పౌలు ఉపవాసం చెప్పలేదని, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడని గుర్తు చేయండి.

ఇది గట్టిగా చెప్పడానికి కారణముంది. చాలా ఏళ్ల కిందట మీలాగే భయంతో నా దగ్గరకొచ్చిన ఒక చెల్లికి ప్రార్థన చేసి పంపించాను. ఇంట్లో ఎవరికి భయపడుతున్నావని అడగలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లమనీ చెప్పలేదు. ఆ తప్పు నాకు ఇప్పటికీ నొప్పిగానే ఉంది.

ప్రార్థన మానమని కాదు. కొన్నాళ్లు వాక్యం అప్పజెప్పకుండా ప్రార్థించండి. తండ్రీ అని పిలవడం కష్టంగా ఉంటే ప్రభువా అనండి, యేసయ్యా అనండి. రోమా పత్రికలో అబ్బా, తండ్రీ అనే మాటకి ముందు, మరల భయపడుటకు మీరు దాస్యపు ఆత్మను పొందలేదు అని ఉంది. ఆ పిలుపు మీ నోట దానంతట అదే వచ్చే రోజు వస్తుందని నేను నమ్ముతున్నాను, తొందరేం లేదు.

నెలాఖరుకి ఇంకా పన్నెండు రోజులుంది. ఈ రాత్రి పాప పడుకున్నాక మీ ఆయనకి చెప్పండి. నాన్నగారితో మాట్లాడాక నాకు ఉత్తరం రాయండి. ఆయన ఏమన్నారో రాయకపోయినా ఫర్వాలేదు. మీరు మాట్లాడుతుండగా పాప ఎక్కడ కూర్చుందో రాయండి.