హాఫ్ మారథాన్ కొట్టేస్తా, 50 మీటర్లకే ఆయాసం!

ప్రశ్న: సార్, నాకు 36 ఏళ్ళు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. హాఫ్ మారథాన్ 2 గంటల లోపే లాగించేస్తా, ఆదివారం వస్తే 80 కిలోమీటర్లు సైకిల్ తొక్కుతా. ఈసారి గోవాలో ఐరన్‌మ్యాన్ 70.3 (1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిల్, 21 పరుగు వరసగా చేసే ట్రయాథ్లాన్ పోటీ) చెయ్యాలనుంది గానీ ఈత దగ్గరే బండి ఆగిపోతోంది. చిన్నప్పుడు కాలవలో బాగానే ఈదేవాణ్ణి, ఇప్పుడు పూల్‌లో ఫ్రీస్టైల్ రెండు లెంగ్తులు, అంటే 50 మీటర్లు, కొట్టేసరికి గోడ పట్టుకుని రొప్పుతున్నా, పక్కనే 60 ఏళ్ళ పెద్దాయన ఒకరు ఆగకుండా తిరుగుతూనే ఉంటారు, సిగ్గేస్తోంది. స్టామినా ఎలా పెంచుకోవాలి?
- ఒక పాఠకుడు, నిజాంపేట

జవాబు: ఆ పెద్దాయన్ని ఓ పది నిమిషాలు గట్టు మీద కూర్చుని చూడండి, సగం జవాబు అక్కడే దొరుకుద్ది. 21 కిలోమీటర్లు పరిగెత్తే మనిషికి స్టామినా లేదంటే నేను నమ్మను. మీకు ఆయాసం వస్తోంది ఊపిరి తీసుకోక కాదండీ, వదలక. మొహం నీళ్ళలో ఉన్నంతసేపూ బిగబట్టి, తల పక్కకి తిప్పిన ఆ అర సెకన్లో వదలడం, పీల్చడం రెండూ చేద్దామని చూస్తారు, అది కుదరదు, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి 50 మీటర్లకే ఊపిరాడనట్టు అయిపోద్ది. రన్నర్లలో చాలామందిది ఇదే కథ, నా దగ్గరికి వచ్చిన వాళ్ళలో పదిమందిలో ఎనిమిది మంది ఇంతే.

అందుకని మొదటి వారం ఈదొద్దు. నిజంగానే చెప్తున్నా. గోడ పట్టుకుని మొహం ముంచి ముక్కులోంచి, నోట్లోంచి సన్నగా బుడగలు వదులుతూ ఉండండి, పైకి లేవగానే పీల్చండి, మళ్ళీ ముంచండి, 20 సార్లు తడవకి, రోజుకి మూడు తడవలు. పక్కన సమ్మర్ క్యాంప్ పిల్లలు చూసి నవ్వుతారు, నవ్వనీండి. ఆ పని విసుగొచ్చేంత ఈజీ అయ్యాక ఈతలో పెట్టండి, మొహం నీళ్ళలో ఉన్నంతసేపూ బుడగలు ఆగకూడదు.

రెండోది మీ కాలవ ఈత. మన ఊళ్ళలో బావిలోనో కాలవలోనో నడుముకి సొరకాయ బుర్రలు, బెండ్లు కట్టి దింపేవాళ్ళు, మునగకుండా ఉంటే చాలు అదే ఈత, తల మాత్రం పైకే ఉండాలి. ఆ అలవాటు ఇప్పటికీ మెడలో ఉండిపోయింది. తల పైకి లేస్తే నడుం దిగుద్ది, కాళ్ళు వేలాడతాయి. నీళ్ళు గాలికంటే దాదాపు 800 రెట్లు చిక్కన, అందులో ఒళ్ళు ఏటవాలుగా పెట్టుకుని పోవడమంటే గొడుగు తెరిచి ఎదురుగాలిలో పరిగెత్తడమే. స్పీడ్ పెంచేకొద్దీ నీళ్ళు ఇంకా గట్టిగా అడ్డుకుంటాయి, రెట్టింపు స్పీడ్‌కి నాలుగు రెట్లు. అందుకే బలం పెట్టేవాడు అలిసిపోతాడు, ఆ పెద్దాయన అలిసిపోడు. చూపు పూల్ అడుగున ఉన్న నల్ల గీత మీద ఉంచండి, ఊపిరికి తల ఎత్తకండి, ఒంటితో పాటు పక్కకి దొర్లించండి, ఒక కన్ను నీళ్ళలోనే ఉండాలి.

కాళ్ళ గురించి ఒక్క మాట, రన్నర్ల చీలమండలు బిర్రుగా ఉంటాయి, మోకాలు మడిచి సైకిల్ తొక్కినట్టు తన్నితే అది బ్రేకే. తుంటి నుంచి చిన్నగా కొట్టండి చాలు, ఆ కాళ్ళతో తర్వాత 90 కిలోమీటర్లు తొక్కాలి, ఇంకో 21 పరిగెత్తాలి. చేతుల విషయానికొస్తే, చెయ్యి భుజానికి సూటిగా ముందు దిగాలి, తల ముందు అడ్డంగా పడకూడదు, దిగాక వేళ్ళు కిందకి, మోచెయ్యి పైనే ఉంచి పెద్ద బస్తాని వాటేసుకున్నట్టు నీళ్ళని వెనక్కి లాగండి. పిడికిళ్ళు బిగించి ఒక లెంగ్తు ఈది తర్వాత చేతులు విప్పి ఈదండి, ముంజేయి ఎంత పని చెయ్యగలదో అప్పుడు తెలుస్తుంది. 25 మీటర్లకి ఎన్ని చేతులు వేస్తున్నారో లెక్కపెట్టండి, 30 అయితే ఎక్కువ, నెమ్మదిగా 24కి తెచ్చుకోండి.

ఇప్పుడు స్టామినా. వారానికి మూడు రోజులు తప్పకుండా దిగాలి, ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు ఈదితే లాభం లేదు, నీళ్ళ మీద పట్టు నాలుగు రోజులకే జారిపోద్ది. మన దగ్గర చాలా పూల్స్‌లో బ్యాచ్ గంటే ఇస్తారు, ఆ గంటలోనే సర్దుకోవాలి. మొదట 50 మీటర్లు ఎనిమిది సార్లు, మధ్యలో అర నిమిషం ఆగుతూ. ఎనిమిదోది కూడా మొదటి దానంత టైంలోనే రావాలి, రాకపోతే మొదటిది ఫాస్ట్‌గా కొట్టేశారని అర్థం. అది కుదిరాక 100 మీటర్లు ఆరు సార్లు, తర్వాత పది సార్లు, ఆగడం 15 సెకన్లకి తగ్గించండి, ఆఖర్న 400 మీటర్లు మూడు సార్లు. మూణ్ణాలుగు నెలలు పట్టుద్ది, తొందరపడకండి.

నెలకోసారి టెస్ట్: 400 మీటర్లు, బాగా రెస్ట్ తీసుకుని 200 మీటర్లు, రెండూ ఉన్నంత స్పీడ్‌లో. 400 టైంలోంచి 200 టైం తీసేసి సగం చెయ్యండి, ఎక్కువసేపు నిలబెట్టగల 100 మీటర్ల స్పీడ్ దాదాపు అదే. ఉదాహరణకి 10 నిమిషాల 40 సెకన్లు, 5 నిమిషాలు వచ్చాయనుకోండి, తేడా 340 సెకన్లు, సగం 170, అంటే 100కి 2 నిమిషాల 50 సెకన్లు. ఆ లెక్కన 1.9 కిలోమీటర్లు 54 నిమిషాల్లో అయిపోద్ది. ఈత కటాఫ్ (ఈలోపు ముగించాల్సిన టైం) మామూలుగా గంటా పది నిమిషాలు, దానికి 100కి 3 నిమిషాల 40 సెకన్లు పడినా సరిపోద్ది. మీరు భయపడుతున్నంత లేదు చూశారా.

ప్రశ్న: మేడం/సార్, నాకు 44. పూల్‌లో 1500 మీటర్లు ఆగకుండా ఈదుతా. పోయిన నెల సముద్రంలో దిగితే 100 మీటర్లలోపే గుండె దడ, ఊపిరి అందలేదు, ఏడుపొచ్చేసింది. ఒలింపిక్ డిస్టెన్స్ ట్రయాథ్లాన్ (1.5 కిలోమీటర్ల ఈత, 40 సైకిల్, 10 పరుగు) రేస్‌కి పేరిచ్చేశాను, మానేయాలా?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మానెయ్యక్కర్లేదమ్మా, కానీ ముందు ఒకసారి డాక్టర్‌కి చూపించుకుని ఈసీజీ తీయించుకోండి, ట్రయాథ్లాన్‌లలో ప్రాణాలు పోయిన సంఘటనల్లో ఎక్కువ ఈతలోనే జరిగాయి, 40 దాటాక ఇది వదిలేసే విషయం కాదు. గుండె బాగుందంటే మిగిలింది భయమే, దానికి మందుంది. 25 మీటర్ల పూల్‌లో 1500 అంటే 60 లెంగ్తులు, 59 సార్లు గోడ తన్నుకుని ముందుకెళ్తారు, ప్రతిసారీ చిన్న రెస్ట్. సముద్రంలో గోడ లేదు, అడుగు కనపడదు, పైగా అందరూ మొదటి 200 మీటర్లు వెనక ఎవరో తరుముతున్నట్టు కొడతారు.

రేస్ రోజు వెనగ్గా, పక్కగా నిలబడండి, ఒక నిమిషం ఆగి దిగినా పోయేదేం లేదు. దిగే ముందే మొహం మీద నీళ్ళు చల్లుకుని పది బుడగలు వదలండి. దడ వస్తే వెల్లకిలా తిరిగి తేలండి, లేదా బ్రెస్ట్ స్ట్రోక్‌కి మారండి, ఏ ఈతైనా ఒప్పుకుంటారు, కయాక్ (కాపలా ఉండే చిన్న పడవ) పట్టుకుని ఆగినా తప్పు కాదు, దాన్ని పట్టుకుని ముందుకి పోకూడదంతే. దారి చూసుకోడానికి మొసలిలా కళ్ళ వరకే పైకి లేపండి, వెంటనే తల దించెయ్యండి, ఏడెనిమిది చేతులకోసారి. ఇది పూల్‌లోనే అలవాటు చేసుకోవచ్చు, గట్టు మీద వాటర్ బాటిల్ పెట్టి.

ఇంకోటి, ఆర్కే బీచ్‌లో ఒంటరిగా మాత్రం దిగొద్దు. అక్కడ లోపలికి లాగే ప్రవాహాలు ఎంతమందిని తీసుకుపోయాయో వైజాగ్ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పొద్దున్నే, లైఫ్‌గార్డ్ ఉన్నచోట, ఈతొచ్చిన నలుగురితో, నడుముకి ఆరంజ్ రంగు ఫ్లోట్ కట్టుకుని వెళ్ళండి. లాగితే ఎదురు ఈదకండి, ఒడ్డుకి సమాంతరంగా పోయి అది వదిలాక ఒడ్డుకి రండి.

ప్రశ్న: వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు సూట్), పుల్ బాయ్, ప్యాడిల్స్ (చేతులకి తగిలించుకునే పలకలు) మూడూ కొనాలా? బడ్జెట్ తక్కువ.
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వెట్‌సూట్ వద్దు, ఐరన్‌మ్యాన్ రేసుల్లో నీళ్ళు 24.5 డిగ్రీలు దాటితే అది వేసుకున్న మామూలు పోటీదారుల్ని బహుమతుల లెక్కలోకి తీసుకోరు, మన సముద్రాలు అంతకంటే వెచ్చన. ప్యాడిల్స్ భుజాలు పాడుచేస్తాయి, టెక్నిక్ కుదిరాక చూద్దాం. పుల్ బాయ్ అంటే ఇందాక చెప్పిన సొరకాయ బుర్రే, తొడల మధ్య పెట్టుకుంటే కాళ్ళు తేలి హాయిగా ఉంటుంది గానీ తీసేస్తే మళ్ళీ మొదటికే, ఫ్రెండ్ దగ్గరుంటే అప్పుడప్పుడు అడిగి వాడుకోండి. ఆ డబ్బులతో మంచి గాగుల్స్ రెండు జతలు కొనుక్కోండి, ఎండకి ఒకటి ముదురు రంగుది, ఇంకోటి మామూలుది.