సీసం తొడుగు కేబుళ్ల పని: డిప్లొమా పాసైన అబ్బాయిని పంపవచ్చా?

ప్రశ్న: మేం కొరుక్కుపేటలో ఉంటాం. మా అబ్బాయి ట్రిపుల్ ఈ డిప్లొమా పాసయ్యాడు. మణలిలో రిఫైనరీ పనులు చేసే ఒక కాంట్రాక్టరు కేబుల్ జాయింటింగ్‌కి, అంటే కేబుళ్లు అతికే పనికి, ట్రైనీగా రమ్మంటున్నాడు. అక్కడ సీసం తొడుగున్న కేబుళ్ల పని ఎక్కువట. సీసం విషం, వద్దే వద్దంటున్నారు వాళ్ల నాన్న. అవి పాతకాలం కేబుళ్లు, నేర్చుకుని ఏం లాభం అంటాడు మా తమ్ముడు. సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమంటారా?
– ఒక తల్లి, చెన్నై

జవాబు: అమ్మా, నన్నడిగితే పంపించమనే అంటాను. కాకపోతే చేరే ముందు ఆ కాంట్రాక్టరును కొన్ని విషయాలు అడగాలి. వాటికి సరైన జవాబు రాకపోతే మాత్రం వద్దు.

ముందు మీ తమ్ముడి మాట చూద్దాం. ఆయన చెప్పిందాంట్లో సగం నిజం. నూనెలో నానబెట్టిన కాగితం చుట్టి, దానిమీద సీసం తొడిగిన కేబుళ్లే ఒకప్పుడు నగరాల్లో భూమి కింద కరెంటు మోశాయి. కాగితానికి తడి తగిలితే ఇన్సులేషన్ పోతుంది. సీసంలోంచి నీరు దూరదు కాబట్టి ఆ తొడుగు వేసేవారు. ఎక్స్‌ఎల్‌పీఈ అనే ప్లాస్టిక్ ఇన్సులేషన్ వచ్చాక ఊళ్లో వేసే కేబుళ్లకు సీసం చాలావరకు అవసరం లేకుండా పోయింది.

రిఫైనరీ సంగతి వేరు. మణలి రిఫైనరీ 1969లో మొదలైంది, ఆ తర్వాత చుట్టూ పెట్రోకెమికల్ ఫ్యాక్టరీలు వచ్చాయి. పెట్రోలు, నాఫ్తా, బెంజీన్ లాంటివి నిల్వ చేసే ఏ చోటైనా అవి కొద్దికొద్దిగా మట్టిలోకి ఇంకే ప్రమాదం ఉంటుంది. ఇంకినవి కేబుల్ పైనున్న పీవీసీ తొడుగులోంచి మెల్లగా లోపలికి చేరి ఎక్స్‌ఎల్‌పీఈని ఉబ్బేలా చేస్తాయి. కేబుల్ పైకి బాగానే ఉంటుంది. లోపల ఇన్సులేషన్ దెబ్బతిని ఒకరోజు ఫాల్ట్ వస్తుంది, యూనిట్ ఆగిపోతుంది. అందుకే అలాంటి చోట్ల ఇన్సులేషన్‌కీ, దానికి రక్షణగా చుట్టే ఉక్కు తీగల ఆర్మర్‌కీ మధ్య సీసం పొర వేయిస్తారు. అది నీటినీ ఆపుతుంది, ఈ నూనెల్నీ ఆపుతుంది. సముద్రం అడుగున వేసే హైవోల్టేజ్ కేబుళ్లకు కూడా ఇప్పటికీ సీసం మిశ్రమాన్ని తొడుగుతున్నారు. సీసానికి బదులు అల్యూమినియం టేపు, నైలాన్ పొరలతో చేసిన కేబుళ్లు వచ్చిన మాట నిజమే. అయినా ఇప్పటికే భూమిలో ఉన్నవాటికి రిపేరు వస్తే సీసం పని తెలిసిన జాయింటరే కావాలి.

ఆ పనితనం ఎలాంటిదో మీకు చెప్పాలి, ఎందుకంటే దీన్ని మామూలు కూలిపని అనుకునేవాళ్లే ఎక్కువ. సీసం తొడుగు తీసేటప్పుడు కత్తి దాని మందంలో సగం దాకానే దిగాలి. ఆ గీత దగ్గర జాగ్రత్తగా తెంపి ఒలిచేస్తారు. కత్తి జారి లోపల ఇన్సులేషన్ మీద గీత పడితే, ఆ జాయింటు ఆరోజు టెస్టులో పాసైనా కొన్నాళ్లకు అక్కడే ఫెయిలవుతుంది. పాత కాగితం కేబులైతే లోపలి నుంచి చిన్న ముక్క తీసి వేడి నూనెలో వేస్తారు. చిటపటమని నురుగొచ్చిందంటే తడి చేరినట్టే. నురుగు రాని చోటు దొరికేదాకా కేబుల్‌ను కోసుకుంటూ వెళ్లాలి. ఇవి సీనియర్ జాయింటర్ పక్కన కూర్చుంటేనే వచ్చే విద్యలు. చెయ్యి కుదిరినవాడికి 33 కేవీ, 110 కేవీ కేబుళ్ల ఎండ్ టెర్మినేషన్ (కేబుల్ చివరను పరికరానికి కలిపే పని) కూడా త్వరగా పట్టుబడుతుంది. సబ్‌స్టేషన్లు, మెట్రో, డేటా సెంటర్లు, ఎక్కడైనా ఆ పని ఉంటుంది.

ఇక మీవారి భయం. అది న్యాయమైన భయం, దాన్ని కొట్టిపారేయకండి. సీసం విషమే. కేబుల్‌ను ముట్టుకున్నంత మాత్రాన అది ఒంట్లోకి పోదు. గీకినప్పుడు రాలే పొడి, మంట మరీ పెంచినప్పుడు వచ్చే పొగ, వీటితోనే ప్రమాదం. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. సీసం తొడుగును అతికే టంకం అంతకంటే తక్కువ వేడికే మెత్తబడుతుంది కాబట్టి, పని తెలిసినవాడు మంటను అదుపులో ఉంచుతాడు. పొడి మాత్రం చేతుల మీదుగా నోట్లోకి పోతుంది. సబ్బుతో చేతులు కడగకుండా టీ గ్లాసు కూడా పట్టుకోకూడదు. పని బట్టలతో ఇంటికి రానివ్వకండి, వాటిని ఇంటి బట్టలతో కలిపి ఉతకకండి. సీసం వల్ల చిన్నపిల్లల మెదడుకు ఎక్కువ హాని. మీ ఇంట్లో పసివాళ్లుంటే ఈ విషయంలో మరీ గట్టిగా ఉండండి.

అందుకే కాంట్రాక్టరును మొహమాటం లేకుండా అడగండి. రక్తంలో సీసం ఎంతుందో ఎన్నాళ్లకోసారి పరీక్ష చేయిస్తారు? మాస్కు, గ్లవ్స్ ఎవరిస్తారు? స్నానం చేసి బట్టలు మార్చుకునే చోటుందా? పని నేర్పేదెవరు? పీఎఫ్, ఈఎస్ఐ కడతారా? ఇవి అడిగితే విసుక్కునే మనిషి దగ్గరికి మాత్రం పంపకండి, జీతం ఎంత ఇస్తానన్నా సరే.

చేరితే జాయింటింగ్ దగ్గరే ఆగిపోకూడదు. మెగ్గర్‌తో ఇన్సులేషన్ కొలవడం, ఎక్కువ వోల్టేజ్ పెట్టి చూసే హైపాట్ టెస్టు, భూమిలో ఫాల్ట్ ఎక్కడుందో కనిపెట్టడం కూడా నేర్చుకోవాలి. డిప్లొమా ఉన్నవాడికి అసలు ఎదుగుదల అక్కడే ఉంటుంది. కొంత అనుభవం వచ్చాక గిండీలోని తమిళనాడు ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డులో సూపర్‌వైజర్ సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టించండి. 33 కేవీ దాకా కేబుళ్లు వేయడం, చూసుకోవడం గురించి ఐఎస్ 1255 అనే ప్రమాణం ఉంది. ప్రమాణాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఇప్పుడే చదవడం మొదలుపెట్టమనండి.

సాఫ్ట్‌వేర్ గురించి అడిగారు. మీ ఉత్తరంలో మీవారి అభిప్రాయం ఉంది, మీ తమ్ముడి అభిప్రాయం ఉంది, అబ్బాయి మాట ఒక్కటీ లేదు. కోడింగ్ మీద వాడికి నిజంగా మనసుంటే ఈ వయసులో ఆపకండి. అందరూ వెళ్తున్నారు కదా అని ఫీజు కట్టడం మాత్రం నాకు ఇష్టం లేదు. చేతిపని మీద ఆసక్తి ఉన్న పిల్లవాడైతే అక్కడ టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఒక పని ఈ వారమే చేయండి. డిప్లొమా పాసైనవాళ్లకు ఏడాది అప్రెంటిస్‌షిప్ చూపించే బోర్డు ఆఫీసు తరమణిలో ఉంది. అబ్బాయి పేరు కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పథకమైన నాట్స్ పోర్టల్‌లో నమోదు చేయించండి. ఈ కాంట్రాక్టరు ట్రైనింగ్ కూడా దాని కిందికే తెస్తాడేమో అడగండి. తెస్తే ఏడాది చివర ప్రభుత్వ సర్టిఫికెట్ చేతికొస్తుంది. తేకపోతే, పోర్టల్‌లో ఇంకే కంపెనీలు పిలుస్తున్నాయో చూసి, రెండూ పక్కపక్కన పెట్టుకుని అబ్బాయితో కలిసి నిర్ణయించుకోండి.