చల్లబరిస్తే లేజర్ డయోడ్ ఎందుకు కాలిపోతోంది?

సందేహం: 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ డయోడ్‌ను ద్రవ నైట్రోజన్‌లో ముంచి రంగు మారడం చూడాలనుకున్నా. రెండు డయోడ్లు పోయాయి. తలుపులు మూసిన ఏసీ గదిలో చేస్తున్నా. తప్పెక్కడుంది? - ఇంజినీరింగ్ విద్యార్థి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ఈ ఫిర్యాదు తరచూ వస్తోంది. దాదాపు ప్రతిసారీ కారణం కరెంటే. డయోడ్ చల్లబడేకొద్దీ లేజర్ మొదలవడానికి కావలసిన కరెంటు బాగా పడిపోతుంది. గది వేడిలో 30 మిల్లీఆంపులకు 5 మిల్లీవాట్లిచ్చేది, ద్రవ నైట్రోజన్ ఉండే −196 డిగ్రీల దగ్గర అదే కరెంటుకు కొన్ని రెట్లు ఎక్కువ కాంతినిస్తుంది. ఆ తీవ్రతకు డయోడ్ లోపలి చిప్ అంచు మాడిపోతుంది.

ఒక్క రెసిస్టర్‌తో నడిచే చవక మాడ్యూల్ ఈ పనికి పనికిరాదు. ఆప్‌ఆంప్ (ఆపరేషనల్ యాంప్లిఫయర్ చిప్), ట్రాన్సిస్టర్, కరెంటును కొలిచే 10 ఓంల సెన్స్ రెసిస్టర్‌తో స్థిర కరెంటు సర్క్యూట్ కట్టుకోండి. రెసిస్టర్ మీద 10 మిల్లీవోల్టులంటే 1 మిల్లీఆంపు. చలికి డయోడ్ వోల్టేజీ పెరుగుతుంది, సప్లై 9 వోల్టులు పెట్టండి. సున్నా నుంచి ఒక్కో మిల్లీఆంపు పెంచుతూ, కాంతిని కొలిచే ఫోటోడయోడ్ రీడింగ్ రాసుకోండి. అది ఒక్కసారిగా లేచే చోటే థ్రెషోల్డ్, అంటే లేజర్ మొదలయ్యే కరెంటు. ఉష్ణోగ్రత కొలవడానికి పీటీ100 అనే ప్లాటినం సెన్సర్ చాలు: సున్నా డిగ్రీల దగ్గర 100 ఓంలు, ద్రవ నైట్రోజన్‌లో సుమారు 20.

డయోడ్‌ను ముంచొద్దు, బుడగలు కాంతిని చెదరగొడతాయి. రాగి కడ్డీ పైకొనకు బిగించి, కడ్డీ అడుగు మాత్రమే ద్రవంలో ఉంచండి. పని అయ్యాక సిలికాజెల్ వేసిన పాలిథీన్ కవరులో మూసి, గది వేడికి వచ్చాకే తీయండి. లేదంటే మన సముద్రపు తేమకు పిన్నుల మధ్య నీరు చేరుతుంది.

డయోడ్లు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. నాకు భయమేస్తున్నది మీ గది గురించి. లీటరు ద్రవం దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలో 5 లీటర్లు ఒలికితే ఆక్సిజన్ 21 శాతం నుంచి 18.5 దరిదాపులకు పడుతుంది. 19.5 కన్నా తగ్గితే చాలు, ప్రమాదం కిందే లెక్క. వాసన ఉండదు, ఊపిరాడనట్టూ అనిపించదు, స్పృహే తప్పుతుంది. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పుతుంది తప్ప బయటి గాలి తేదు. చల్లటి నైట్రోజన్ నేలబారున నిలుస్తుంది, పడినవారిని లేపబోయి వంగినవారికీ అదే గతి. బాల్కనీలో చేయండి. లిఫ్టులో కంటైనర్‌తో పాటు మనిషి ఎక్కకూడదు. ఫ్లాస్కు మూత ఎన్నడూ బిగించొద్దు, పేలుతుంది. నూలు గ్లవ్స్ ద్రవాన్ని పీల్చుకుంటాయి, వాడొద్దు.

కళ్లద్దాల సంగతీ చూడండి. చలిలో కాంతి 620 నానోమీటర్ల దరిదాపులకు జరుగుతుంది. 630 నుంచి 670 వరకని రాసిన అద్దాలు అక్కడ కాపాడతాయన్న హామీ లేదు. ఏ తరంగదైర్ఘ్యానికి ఎంత ఆపుతాయో ముద్రించకుండానే ఎర్రవో పచ్చవో ప్లాస్టిక్ అద్దాలను ‘లేజర్ సేఫ్టీ’ పేరుతో అమ్ముతున్నారు. ఇది కళ్లతో చెలగాటం. అలాంటివి ఎంత చవకైనా కొనొద్దు.