బావమరిది పట్టిన తాడు

ప్రశ్న: శ్రీశైలం నుంచి తిరిగి వస్తూ నల్లమల దారిలో చెంచుల దగ్గర ఒక సీసా తేనె కొన్నాము. "పట్టు కోస్తే ఈగల పిల్లలు చచ్చిపోవా? ఏటా ఇలా తీస్తూ పోతే అడవిలో ఏం మిగులుతుంది?" అని మా అబ్బాయి అడిగాడు. నాకు జవాబు తోచలేదు. ఇంటికి వచ్చాక సీసాలో నురగ కూడా లేచింది. కల్తీయేనా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: నురగను చూసి కల్తీ అనకండమ్మా. అడవి తేనెలో నీటి శాతం ఎక్కువ. ఎండలో కారులో కుదుపులు తింటూ వస్తే పులుస్తుంది.

అటవీ ఉత్పత్తులు కొనే డిపోలో 28 ఏళ్ళు కాటా ముందు కూర్చున్నవాణ్ణి, మీ అబ్బాయి ప్రశ్న నాకు నచ్చింది. కొండచరియకు వేలాడే పట్టు పెద్ద తేనెటీగలది. అంతా కలిపి ఒకటే పలక. తేనె పైభాగంలో ఒక పక్కకు చేరి ఉంటుంది, గుడ్లూ పిల్లలూ కింద ఉంటాయి. ఆ తేనె పక్కను మాత్రం కోసి పిల్లలున్న మేర వదిలేస్తే, పూలున్నన్నాళ్ళు ఈగలు మళ్ళీ నింపుకుంటాయి. చెంచులు పట్టులో కొంత వదిలిపెట్టేది అందుకే.

చరియ మీదుగా తాడుపై దిగినవాడికి పొగ ఒక పక్క, ఈగలు ఒక పక్క. పైన తాడు పట్టేది సొంత అన్నదమ్ములు కాదు, బావమరిది. తోబుట్టువు పసుపుకుంకుమలు ఆ తాడుకే వేలాడుతున్నాయి గనక అతను చచ్చినా వదలడని వాళ్ళ లెక్క. తూకం రాళ్ళను నమ్ముకున్న నాకు అంతకన్నా గట్టి లెక్క కనపడలేదు.

అలాగని అన్నీ ముచ్చటైన కథలే కావు. తపసి బంక ఉంది చూశారూ, కట్టుడు పళ్ళు అంటించే పొడిలో వాడేది, దాని కోసం గొడ్డలితో లోతుగా నరికితే బంక త్వరగా, ఎక్కువగా కారుతుంది. కొన్నాళ్ళకు చెట్టు మోడవుతుంది. ఎంత తెస్తే అంత తూచుకున్న మాలాంటివాళ్ళకూ ఆ పాపంలో వాటా ఉంది. తర్వాత బెరడును పైపైన చెక్కి, గాయం మానే వ్యవధి ఇచ్చే పద్ధతి నేర్పారు. చెట్టు నిలిచింది, బంక శుభ్రంగా వచ్చింది, తెల్ల బంకకు ధరా ఎక్కువే పలికింది.

2006 నాటి అటవీ హక్కుల చట్టం తేనె, బంక వంటి వాటిపై చెంచులకు హక్కునిచ్చింది, తమ అడవిని కాపాడుకునే అధికారాన్నీ ఇచ్చింది. కానీ నల్లమలలో చాలా భాగం పులుల అభయారణ్యం. రేపు ఈ పెంటలో, అంటే తన చెంచు గూడెంలో, ఉండనిస్తారో లేదో తెలియనివాడు వచ్చే ఏటి కోసం సగం పట్టు వదలాలంటే ఎంత గుండె కావాలి? మీ అబ్బాయిని ఇది ఆలోచించమనండి.

ఈసారి కొనేటప్పుడు పిండిన తేనెనా, కారిన తేనెనా అని అడగండి. పిల్లలతో సహా పిండినది మడ్డిగా ఉంటుంది, త్వరగా పులుస్తుంది. కారినది అయితే బేరమాడకండి. ఇప్పుడున్న సీసాకు మాత్రం మూత కాస్త వదులు చేయండి, పగిలితే అలమరంతా చీమలే.