మీ అత్తగారి సంగతి అబ్బాయికి చెప్పారా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. మావారు 2003లో ఇంగ్లండు వచ్చారు. మరుసటి ఏడు నేనూ, పదేళ్ళ అబ్బాయీ వచ్చాం. అప్పట్నుంచీ లండన్ పక్కన స్లౌ అనే ఊళ్ళోనే ఉంటున్నాం. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా అని 2016 జూన్ 23న రెఫరెండం పెడితే మావారు బయటికి రావాలనే ఓటేశారు. అబ్బాయి అప్పటికే ఒక పోలండ్ అమ్మాయిని ఇష్టపడుతున్నాడు. ఫలితం వచ్చిన పొద్దున వంటింట్లో తండ్రీ కొడుకులకు మాటామాటా పెరిగింది. "ఆ పిల్లను వెళ్ళగొట్టడానికే ఓటేశావు" అని వాడు బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయాడు. 2018లో ఆ అమ్మాయినే రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నాడు, మమ్మల్ని పిలవలేదు. మనవరాలికి ఐదేళ్ళు. నాతో నెలకోసారి ఫోన్లో మాట్లాడతాడు గానీ నాన్న ఊసెత్తితే పెట్టేస్తాడు. ఇంకోమాట. ఆ రోజు నేనూ మావారితో వెళ్ళి అదే గడిలో గుర్తు పెట్టి వచ్చాను. అబ్బాయికి ఈ సంగతి తెలియదు. వీళ్ళిద్దరినీ ఎలా కలపాలో చెప్పండి. (పేరు వద్దన్నారు)

అమ్మా,

మీరు రాసిన నాలుగు పేజీల్లో మూడున్నర తండ్రీ కొడుకుల గొడవే. చివర్లో చోటు చాలక, అంచు వెంబడి నిలువుగా, మీ అత్తగారి గురించి ఓ ఐదారు వాక్యాలు రాశారు. కాగితం పక్కకు తిప్పుకుని చదివాను. అవి చదివాక మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళాల్సి వచ్చింది.

2012 చివర్లో ఆవిడ జారిపడి తుంటి విరిగి మంచాన పడ్డారు. మీవారు ఒక్కడే కొడుకు. తెచ్చి దగ్గర పెట్టుకుందామని దరఖాస్తు చేస్తే కాదన్నారు. ఆ ఏడాది జూలైలోనే బ్రిటన్‌లో నిబంధన బిగించారు. తల్లిదండ్రులను తెచ్చుకోవాలంటే వాళ్ళకు రోజూ మనిషి సాయం కావాలి, పైగా అక్కణ్ణుంచి డబ్బు పంపినా ఆ సాయం సొంత దేశంలో దొరకదని రుజువు చూపాలి. తెనాలిలో జీతమిస్తే మనిషి దొరుకుతుంది కదా అన్నారు. అదే వీధిలో మూడో ఇంటి పోలండ్ వాళ్ళు తమ తల్లిని విమానం టికెట్టు కొని తెచ్చుకున్నారు, యూనియన్ పౌరులకు అప్పట్లో ఆ నిబంధన వర్తించేది కాదు గనక. మీ అత్తగారు 2014లో జీతపు మనిషి చేతుల్లో పోయారు, కొడుకు ఇంకా విమానంలో ఉండగానే. ఎండ కాసిన సాయంత్రాల్లో ఆ పోలండ్ పెద్దావిడ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేదనీ, మీవారు ఆఫీసు నుంచి వస్తూ అటు చూడకుండా తల దించుకుని నడిచేవారనీ రాశారు.

ఇది మీ అబ్బాయికి ఎప్పుడైనా చెప్పారా? నాయనమ్మ పోయిందని అతనికి తెలుసు. వీసా కాదన్న సంగతి, గేటు దగ్గర కుర్చీ సంగతి తెలియవనుకుంటాను. పరీక్షల్లో ఉన్న పిల్లాడికి ఇవన్నీ ఎందుకని ఊరుకుని ఉంటారు. మనిళ్ళలో ఎక్కువగా జరిగేది ఇదే. పిల్లలకు బాధ తెలియకూడదని దాస్తాం. పదేళ్ళు పోయాక వాళ్ళకు మన కోపమే తెలుస్తుంది, బాధ తెలియదు.

ఓటు కాగితం మీద రెండే గడులు ఉంటాయి. పెన్సిల్‌తో ఒక ఇంటూ గుర్తు పెట్టి వచ్చేయడమే, ఎందుకు పెట్టామో రాయడానికి చోటుండదు. బయటికి రావాలని 1,74,10,742 మంది, ఉండాలని 1,61,41,241 మంది గుర్తు పెట్టారు. మీ స్లౌలో సగం మందికి పైగా వలస వచ్చిన కుటుంబాల వాళ్ళే కనిపిస్తారు, అక్కడా నూటికి 54 మంది బయటికే అన్నారు. అన్ని లక్షల మందికీ ఒకటే కారణం ఉండి ఉండదు. అయినా తెల్లారేసరికి ఎవరికి తోచిన కారణం వాళ్ళు ఎదుటివాడి కాగితం మీద రాసేసుకున్నారు. మీ అబ్బాయి తండ్రి కాగితం మీదా రాసుకున్నాడు.

అందుకు అతన్ని తప్పుపట్టలేను. ఆ వారం అక్కడ ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. పోలింగుకు వారం ముందు, జూన్ 16న, జో కాక్స్ అనే ఎంపీని పట్టపగలు వీధిలో చంపేశారు. ఫలితం వచ్చిన రెండో రోజుకే లండన్ హామర్‌స్మిత్‌లోని పోలండ్ సాంస్కృతిక కేంద్రం ముంగిట బూతు రాశారు. హంటింగ్‌డన్‌లో పోలండ్ వాళ్ళను పురుగులంటూ కార్డులు అచ్చేసి ఇళ్ళ దగ్గర పడేశారు. జాతి, మత ద్వేషంతో జరిగే నేరాలు ఆ జూలైలో ఇంగ్లండు, వేల్స్‌లలో అంతకుముందు జూలై కంటే 41 శాతం ఎక్కువగా నమోదయ్యాయి. ఒకపక్క స్వాతంత్ర్యం వచ్చిందని సంబరాలు చేసుకున్నారు. ఇంకోపక్క మళ్ళీ ఓటింగు పెట్టమని 40 లక్షల పైచిలుకు సంతకాలు వచ్చాయి. 22 ఏళ్ళ కుర్రాడు ఇదంతా చూసి వంటింట్లోకి వస్తే తండ్రి టీ తాగుతూ "మంచిదే అయింది" అన్నారు. మీరు రాసిన మాటే ఇది.

కోడలి సంగతి కూడా చూడండి. మీ అబ్బాయి వచ్చిన 2004లోనే, అతనిలాగే పదేళ్ళ వయసులో, తల్లి చెయ్యి పట్టుకుని వచ్చింది. పోలండ్ యూనియన్‌లో చేరింది ఆ ఏడాదే. ఇద్దరూ అదే దేశంలో బడికి వెళ్ళారు. ఆ రెఫరెండంలో భారత పాస్‌పోర్టు ఉన్న మీకు ఓటుంది, ఒకప్పటి బ్రిటిష్ పాలనలోని దేశాల కూటమి అయిన కామన్‌వెల్త్ పౌరులు గనక. పోలండ్ పాస్‌పోర్టు ఉన్న ఆమెకు లేదు. తన బతుకు మీద ఓటింగు జరుగుతుంటే బయట నిలబడి చూసింది. లోపలికి వెళ్ళి ఓటేసిన సొంత తండ్రి ఆ పిల్ల కోసం ఒక్కమాటు ఆగి ఆలోచించలేదన్నదే మీ అబ్బాయి బాధంతా. యూరప్ గురించి అతని అభిప్రాయం ఏదైనా, ఇల్లు వదిలింది ఆ బాధతోనే.

మీరు ఎవరికీ చెప్పని ఇంకో సంగతి రాశారు. ఫలితం వచ్చిన మర్నాడు, శనివారం, సూపర్ మార్కెట్ పార్కింగులో ఎవడో మీవారిని చూసి "ఇంకా పోలేదా?" అని అరిచాడు. ఆయన సరుకులు కొనకుండానే తిరిగొచ్చారు. సరిగ్గా అదే వారంలో కోడలి తల్లిని గోడౌన్లో తోటి పనామె "సూట్‌కేసు సర్దుకున్నావా?" అని అడిగిందని అబ్బాయి మీకు చెప్పాడు. మామగారూ, వియ్యపురాలూ ఒకే మాట పడ్డారు. ఒకరి సంగతి ఒకరికి ఈనాటికీ తెలియదు.

మీవారిది మొండితనం అనుకోవడం లేదు నేను. యూరప్ నుంచి వచ్చేవాళ్ళు తగ్గితే మనలాంటి వాళ్ళకు న్యాయం జరుగుతుందని ఆ ప్రచారంలో మనవాళ్ళకు నమ్మబలికారు. కర్రీ రెస్టారెంట్ల వాళ్ళకైతే వంటవాళ్ళకు వీసాలొస్తాయని ఆశ పెట్టారు. నిజానికి మీ అత్తగారిని ఆపిన నిబంధన లండన్‌లో తయారైంది, యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్‌కు దాంతో సంబంధం లేదు. 2020 జనవరి 31న బ్రిటన్ బయటికి వచ్చాక కూడా అది మారలేదు. మీవారికి ఇది ఎప్పుడో అర్థమై ఉంటుంది. తల్లి కోసం వేసిన ఓటు ఏ తల్లికీ అక్కరకు రాలేదు, పైగా కొడుకు దూరమయ్యాడు. ఇంత సంగతి బయటికి ఎలా చెప్పుకుంటారు? అందుకే కొడుకు పేరెత్తితే తోటలోకి వెళ్ళిపోతున్నారు.

2013, 14లలో రాష్ట్రం విడిపోయే రోజుల్లో హైదరాబాద్‌లో నా దగ్గరికి ఇలాంటి ఇళ్ళ వాళ్ళు చాలామంది వచ్చారు. భార్యది వరంగల్, భర్తది విజయవాడ. నీళ్ళ లెక్కలు, ఉద్యోగాల లెక్కలు నా ముందే తీసేవాళ్ళు. లెక్కలు తీసినన్నాళ్ళూ ఎవరూ ఒక్క మెట్టు దిగలేదు. ఒకామె మాత్రం తన అన్నకు ఉద్యోగం ఎలా తప్పిపోయిందో, ఆ రాత్రి వాళ్ళ నాన్న అన్నం ముందు ఎలా కూర్చుండిపోయారో చెప్పింది. ఐదేళ్ళు కాపురం చేసిన భర్త అది వినడం అదే మొదటిసారి. ఆ తర్వాత వాళ్ళు నా దగ్గరికి రావాల్సిన పని పడలేదు.

కాబట్టి బ్రెగ్జిట్, అంటే బ్రిటన్ యూనియన్ నుంచి బయటికి రావడం, మంచిదా చెడ్డదా అన్నది మీ ఇంట్లో తేల్చకండి.

మొదటి పని మీదేనమ్మా. మీ ఓటు సంగతి. కోపమంతా ఒక్కరి మీదే పడుతుంటే మీరు ఇన్నేళ్ళూ ఊరుకున్నారు. నెలకోసారి వచ్చే ఫోను కూడా ఆగిపోతుందేమోనన్న భయంతో ఊరుకున్నారని తెలుసు. ఆగొచ్చు, కొన్నాళ్ళు. అయినా చెప్పండి. చెప్పబోతున్నానని ముందు మీవారికి చెప్పండి. ఆయన వద్దంటారు, నేను భరిస్తాలే అంటారు. వినకండి. అబ్బాయితో పెద్ద ఉపోద్ఘాతాలు వద్దు. "నాయనా, ఆ రోజు నేనూ అదే ఓటేశాను. నీకు చెప్పే ధైర్యం లేక ఇన్నాళ్ళూ నాన్న ఒక్కడే తిట్లు తిన్నాడు. ఆ అమ్మాయి గుర్తొచ్చి ఉండాల్సింది, రాలేదు." ఇంతే. ఆ తర్వాత అతను ఏమన్నా వినండి.

నాయనమ్మ సంగతి అదే ఫోన్లో ఎత్తకండి. రెండూ కలిపి చెబితే సంజాయిషీలా ఉంటుంది. వారమో నెలో ఆగండి. అది చెప్పాల్సింది మీవారు, మీరు కాదు. మీరు చెబితే భర్తను వెనకేసుకొస్తున్నట్టు ఉంటుంది. ఆయనతో "వాణ్ణి క్షమించమని అడగండి" అనకండి, ఆ మాటకు ఆయన లేచి వెళ్ళిపోతారు. ఓటుకు క్షమాపణ అక్కర్లేదు, అది ఆయన హక్కు. కానీ ఆ పొద్దున కొడుకు ముఖం చూసి కూడా ఆ పిల్ల ఎలా ఉందని అడగలేదే, దానికి మాత్రం ఆయన ఒక మాట చెప్పాలి. ఈ రెండింటినీ ఆయనకు విడదీసి చూపించండి. చాలామంది మగవాళ్ళు ఒకటి ఒప్పుకుంటే రెండోది కూడా ఒప్పుకున్నట్టేనని భయపడి రెండూ ఒప్పుకోరు.

కోడలితో మాట్లాడే రోజు వస్తుంది. అప్పుడు "నిన్ను ఉద్దేశించి కాదమ్మా" అని మాత్రం అనకండి. ఆ వేసవిలో పక్కింటివాళ్ళూ ఆఫీసువాళ్ళూ పోలండ్ వాళ్ళకు చెప్పిన మాటే అది, "మిమ్మల్ని కాదు, మీరు కష్టపడేవాళ్ళు" అని. ఆ తర్వాత ఆమె తను పెరిగిన దేశంలో ఉండనివ్వమని దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది, 2021 జూన్ 30 గడువు లోపల. "ఆ రోజులు నీకెలా గడిచాయి?" అని అడగండి. చెబితే మధ్యలో అడ్డురాకుండా వినండి. ఏడిస్తే ఏడవనివ్వండి. చెప్పకపోతే ఇంకోసారి అడగొద్దు.

మనవరాలిని మధ్యలోకి తీసుకురాకండి. "పిల్ల మొహం చూసైనా" అనే మాట మన నోటికి అలవాటు. అది వినగానే మీ అబ్బాయి బిగుసుకుపోతాడు. ఆ పిల్ల అటు అమ్మమ్మను పోలిష్‌లో బాబ్చా అంటుందని మురిపెంగా రాశారు, మిమ్మల్ని ఏమని పిలుస్తుందో మాత్రం రాయలేదు.

కలిసే రోజు వస్తే మీ వంటింట్లో వద్దు, ఆ గదిలో ఇంకా 2016 ఉంది. ఏదైనా పార్కులో కలవండి. నడుస్తూ మాట్లాడుకుంటే ఒకరి ముఖం ఒకరు చూడక్కర్లేదు. జూన్ నెలలో పెట్టుకోకండి.

ఈలోగా ఆ వీసా కాదన్న ఉత్తరం ఎక్కడుందో వెతకండి. మీవారు పారేసి ఉండరు. మీ అత్తగారి ఫొటో ఎక్కడ పెట్టారో అక్కడే చూడండి.