రెండో డ్రైవ్‌లో ఉబుంటు వేసుకోవచ్చు, కానీ ముందు మొదటి డ్రైవ్ ఊడదీయండి

విండోస్ ఉన్న ఎస్ఎస్‌డీని కదపకుండా, ల్యాప్‌టాప్‌లో కొత్తగా పెట్టించిన రెండో డ్రైవ్‌లో ఉబుంటు (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టం) వేస్తే విండోస్‌కి ఏమైనా అవుతుందా అని అడిగారు. అవ్వకూడదండీ. నాకు మాత్రం అయింది. అదీ వేసిన రోజు కాదు, నాలుగు నెలల తర్వాత.

నాది డీవీడీ డ్రైవ్ ఉన్న పాత ల్యాప్‌టాప్. దాన్ని తీసేసి, ఆ చోట క్యాడీలో (డిస్క్‌ని పట్టి ఉంచే ట్రేలో) 500 జీబీ హార్డ్ డిస్క్ పెట్టాను. క్యాడీలు 9.5, 12.7 మిల్లీమీటర్ల మందంతో రెండు రకాలు దొరుకుతాయి. కొలవకుండా లావుది కొనేసి, మార్చుకోవడానికి గాజువాక నుంచి ద్వారకానగర్‌కి మళ్లీ బస్సెక్కాను. మీది ఎం.2 స్లాట్ (చిన్న ఎస్ఎస్‌డీని నేరుగా గుచ్చే చోటు) అయితే ఈ గొడవ లేదు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు బూట్‌లోడర్ (ఆన్ చేయగానే ఆపరేటింగ్ సిస్టంని లేపే ప్రోగ్రామ్) ఎక్కడ వేయాలంటే రెండో డ్రైవే చూపించాను. అయినా ఉబుంటు 20.04 ఇన్‌స్టాలర్ దాన్ని మొదటి డ్రైవ్‌లో విండోస్ వాడే ఈఎఫ్ఐ పార్టిషన్‌లోనే (బూట్ ఫైళ్లు ఉండే చిన్న భాగంలోనే) పెట్టేసింది. రెండూ బాగానే నడుస్తుంటే నాకేం తెలుస్తుంది? నాలుగు నెలలకి చోటు చాలక ఉబుంటు డ్రైవ్‌ని ఫార్మాట్ చేశాను. రీస్టార్ట్ చేస్తే నల్ల తెర, మూలన గ్రబ్ (ఉబుంటు బూట్‌లోడర్ పేరు) అన్న మాట, అంతే. మొదటి డ్రైవ్‌లో ఉన్న గ్రబ్, నేను చెరిపేసిన డ్రైవ్‌లో తన ఫైళ్ల కోసం వెతుకుతోందన్నమాట. పొద్దున్నే ఆఫీసు, ఫైళ్లన్నీ విండోస్‌లోనే. ఆ రాత్రి పడ్డ టెన్షన్ చెప్పలేను. చివరికి ఎఫ్12 నొక్కితే వచ్చిన మెనూలో విండోస్ బూట్ మేనేజర్ కనిపించింది. విండోస్ చెక్కుచెదరలేదు, దారి మాత్రమే తప్పింది.

అందుకే రెండోసారి వెనక మూత విప్పి, బ్యాటరీ కనెక్టర్ పీకి, ఎస్ఎస్‌డీని బయట పెట్టాకే ఉబుంటు వేశాను. కనిపించని డ్రైవ్ మీద ఇన్‌స్టాలర్ ఏమీ రాసే వీల్లేదు కదా. మూత విప్పడం భయమైతే, బయాస్‌లో (విండోస్ రాకముందే తెరుచుకునే ల్యాప్‌టాప్ సెట్టింగ్స్‌లో) ఆ డ్రైవ్‌ని ఆపే వీలుందేమో చూడండి. పని అయ్యాక ఎస్ఎస్‌డీ తిరిగి పెట్టేసి, ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూలో ఏది కావాలంటే అది ఎంచుకోవడమే. ఆ కీ కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్9 ఇలా మారుతుంది.

బయాస్ ముట్టుకునే ముందు బిట్‌లాకర్ (డ్రైవ్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ కాగితం మీద రాసుకోండి, బయాస్‌లో ఏదైనా మారితే విండోస్ ఆ కీ అడగొచ్చు. నేను ఈ మాట చెబితే నవ్విన వాళ్లే తర్వాత ఫోన్ చేశారు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా ఆన్ అవడానికి విండోస్‌ని పూర్తిగా ఆగనివ్వని సెట్టింగ్) కూడా ఆపేయండి, లేకపోతే విండోస్ డ్రైవ్‌లోని ఫైళ్లు ఉబుంటులో చదవడానికే వస్తాయి, మార్చనివ్వదు.

ఇంకొకటి. ఉబుంటు వాడి విండోస్‌లోకి వస్తే గడియారం 5:30 గంటలు వెనక్కి పోతుంది, రాత్రి పదింటికి సాయంత్రం నాలుగున్నర చూపిస్తుంది. గడియారం నడిపే చిన్న సెల్ పోయిందని మార్పించకండి, నేను మార్పించాను. ఉబుంటు ల్యాప్‌టాప్ గడియారంలో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) పెడుతుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. అందులో లోకల్ టైమే ఉంచమని ఉబుంటుకి చెబితే సరిపోతుంది.