విశాఖ–కాకినాడ: 800 లీటర్లు సరిపోతాయా?

విశాఖ నుంచి కాకినాడకు మీ మోటారు పడవలో వెళ్లడానికి ట్యాంకులోని 800 లీటర్ల డీజిల్ సరిపోతుందా అని అడిగారు. సరిపోతుంది, సముద్రం నెమ్మదిగా ఉంటేనే. దూరం దాదాపు 80 నాటికల్ మైళ్లు. మీరు చెప్పిన 16 నాట్లు (గంటకు 16 నాటికల్ మైళ్ల వేగం), గంటకు 100 లీటర్ల లెక్కన 5 గంటలు, 500 లీటర్లు. ట్యాంకు అడుగున పదోవంతు లెక్కలోంచి తీసేయండి, వాడుకోగలిగేది 720.

చిక్కంతా నైరుతి గాలితోనే, అది సరిగ్గా ఎదురొస్తుంది. వేగం 12 నాట్లకు పడి, గంటకు ఖర్చు మాత్రం తగ్గకపోతే 667 లీటర్లు, మిగిలేది 53! అప్పుడు 12 దగ్గర పట్టుకు వేలాడొద్దు. పడవ ముక్కెత్తి నీటిని తోస్తూ మైలుకు ఎక్కువ తాగేది అక్కడే. 7–8కి దించండి. తెల్లవారుజామునే బయలుదేరండి. రేవులో 3వ నంబరు వాతావరణ హెచ్చరిక ఎగరేస్తే ప్రయాణం మానుకోండి.

కాకినాడ రేవు ముందున్న హోప్ ఐలాండ్ ఇసుకమేట ఉత్తరానికి పెరుగుతుంటుంది. పాత చార్టు (సముద్ర పటం) నమ్మి అడ్డదారి పట్టకుండా, దారి చూపే బోయాల (నీటిపై తేలే గుర్తుల) వెంట వెళ్లండి. తిరుగు ప్రయాణానికి డ్రమ్ముల డీజిల్ అయితే నీటిని వేరుచేసే ఫిల్టరు గరాటుతోనే పోయండి.